ఉతికిన గుడ్డకే రంగు

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ హస్తకళా ప్రదర్శన ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రదర్శనశాలలో అడుగుపెట్టగానే ఎడమవైపు బల్లమీద, గాజుపెట్టెలో, ఒక ఓడ నమూనా కనిపిస్తుంది. దాని పొడవు మూరెడు కూడా లేదు. కొలిస్తే 34 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. బూడిదరంగు దేహం, మూడు పొగగొట్టాలు, దారాల వంటి తాళ్లు, ఆవగింజలంత ఫిరంగి మూతులు. దానిని తయారుచేసినవారు ఈ పాఠశాలలో తొమ్మిది, పది తరగతులు చదువుతున్న అయిదుగురు విద్యార్థులు. ప్రదర్శనలో ఇంతకంటె పెద్ద వస్తువులు, ఖరీదైన వస్తువులు ఉన్నాయి. అయినా ఈ జూబిలీ వేళ ఈ చిన్న ఓడ గురించి చెప్పుకోవడానికి కారణం ఉంది. అది ఒకసారి చెడిపోయి, తిరిగి బాగుపడిన వస్తువు. చెడిపోయినప్పుడు అది నేర్పిన పాఠం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

ఆ ఓడ పేరు ఎండెన్. ఉత్తర మద్రాసులో మూడు నాలుగు తరాలుగా నివసిస్తున్న కుటుంబాలలో ఆ పేరు విననివారు అరుదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఈ జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు ఎదుటికి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ట్యాంకులు అంటుకొని మండాయి. ప్రాణనష్టం స్వల్పమే అయినా భయం అపారం. ఎందరో మూటాముల్లె సర్దుకొని నగరం విడిచిపోయారు. గుండ్లు పడిన తావుకు గుర్తుగా హైకోర్టు ప్రహరీ వద్ద ఒక ఫలకం ఉంది. సాహసి, జిత్తులమారి అయిన మనిషిని తమిళంలో ‘ఎండన్’ అనడం ఆ రాత్రి మిగిల్చిన జ్ఞాపకమే. ఆ ఓడ అదే ఏడు నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో పరాజయం పొంది, ఒడ్డుకెక్కి శిథిలమయింది. రేవుకు ఇంత సమీపంలో, వాషర్‌మెన్‌పేట్‌లో చదువుకొనే పిల్లలు తమ ప్రాంత చరిత్రకు ఒక రూపం ఇవ్వదలచినప్పుడు ఆ ఓడను ఎంచుకోవడం సహజమే.

ఎండెన్ అసలు పొడవు 118 మీటర్ల పైచిలుకు. పిల్లలకు దొరికిన ప్లాస్టిక్ భాగాల పెట్టె 1/350 కొలతది. అనగా అసలు ఓడలోని 35 సెంటీమీటర్లు నమూనాలో ఒక్క మిల్లీమీటరు. ఈ లెక్క చిన్నదిగానే తోస్తుంది కాని, రంగు వేయడంలోని కష్టమంతా ఇందులోనే ఉంది. కుంచెతో మందంగా వేసిన పూత మిల్లీమీటరులో పదోవంతు ఉందనుకొందాం. అసలు ఓడ మీదికి ఆ కొలతను మారిస్తే అది మూడున్నర సెంటీమీటర్ల మందం! ఏ నావికుడూ ఓడకు మూడున్నర సెంటీమీటర్ల మందాన రంగు పులమడు. అటువంటి పూత కింద తలుపుల అంచులు, రేకుల అతుకులు, కిటికీల గుంటలు పూడిపోతాయి. చూసేవారికి ఎక్కడో ఏదో తేడా కనిపిస్తుంది. అది బొమ్మే తప్ప ఓడ కాదని కన్ను పసిగడుతుంది. అందుచేత నమూనా మీద రంగు ఎంత పలుచగా ఉంటే నమూనా అంత నిజమవుతుంది. ఎయిర్‌బ్రష్ అవసరం ఇక్కడే వచ్చింది.

ఎయిర్‌బ్రష్ చూడడానికి లావుపాటి కలంలా ఉంటుంది. దాని కడుపులో ఒక సన్నని సూది, మొనవద్ద అరమిల్లీమీటరుకు మించని రంధ్రం, పైన రంగు పోసే చిన్న గిన్నె ఉంటాయి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఆ మొన చుట్టూ వేగంగా దూసుకుపోతుంది. వేగంగా పోయే గాలి వద్ద పీడనం తగ్గుతుందన్న సూత్రం పై తరగతుల భౌతికశాస్త్రంలో ఉన్నదే. తగ్గిన పీడనం గిన్నెలోని రంగును బయటికి లాగుతుంది. గాలి దానిని కంటికి ఆనని తుంపరలుగా చీల్చి ముందుకు చిమ్ముతుంది. మీటను కిందికి నొక్కితే గాలి, వెనక్కు లాగితే రంగు. ఈ రెండింటినీ ఒకే వేలితో నడపడం సైకిలు తొక్కడం వంటిది: ఎవరో చెబితే రాదు, చేయగా చేయగా వస్తుంది. ఈ పరికరం 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో అమెరికాలో రూపుదిద్దుకొంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన నాటికి నేటి రూపానికి చాలా దగ్గరయింది. తొలుత దానిని విరివిగా వాడినది ఛాయాచిత్రాలకు మెరుగులు దిద్దేవారు. ప్లాస్టిక్ నమూనాలు ఆ తరువాతి కాలానివి. 1936లో ఇంగ్లండులో ‘ఫ్రాగ్ పెంగ్విన్’ విమానాలతో వాటి వాడుక మొదలయింది.

ఇక రంగుల మాట. నమూనాలు చేసేవారు చాలాకాలం ఎనామెల్, లాకర్ రంగులే వాడేవారు. అవి గట్టిగా అంటుకొంటాయి, చక్కగా పరచుకొంటాయి. కాని వాటిని పలుచన చేసే థిన్నర్ ఘాటు ఇల్లంతా నిండుతుంది. 1950ల మధ్యలో చిత్రకారుల కోసం నీటితో కలిసే ఆక్రిలిక్ రంగులు బజారుకు వచ్చాయి. అతిసూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలు, రంగుపొడి నీటిలో తేలుతూ ఉండడం వాటి నిర్మాణం. నీరు ఆరిపోగానే ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కొని పొరగా మారతాయి. ఒకసారి ఆరితే మళ్లీ నీటికి కరగవు. అన్ని ఆక్రిలిక్‌లూ ఒకటి కావు. జపానుకు చెందిన తమియా సంస్థ రంగులలో ఆల్కహాల్ ఉంటుంది కనుక కొంత వాసన వస్తుంది. స్పెయిన్ దేశపు వయేహో సంస్థ నమూనాల కోసం చేసే రంగులు నీటి ఆధారమైనవి కనుక వాసన చాలా తక్కువ. బట్టల మీద, కుండల మీద, చెక్క మీద వేయడానికి వీధి చివరి స్టేషనరీ దుకాణంలో చిన్న సీసాలలో అమ్మే ఆక్రిలిక్ రంగులకు కూడా వాసన తక్కువే. ధర ఇంకా తక్కువ.

ఈ పిల్లలు ఆ చిన్న సీసాలనే ఎంచుకొన్నారు. ధర ఒక కారణం. అంతకంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. జట్టులోని ఒక అమ్మాయికి పసితనం నుంచీ ఉబ్బసం. ఎనామెల్ డబ్బా మూత తీస్తే చాలు, ఆమెకు ఊపిరి ఆడదు. తోటిపిల్లలు ఆమెను పని నుంచి తప్పించలేదు, రంగునే మార్చారు. పదిహేనేళ్ల పిల్లలకు తట్టిన ఆ ఆలోచనకు పెద్దలు సైతం సంతోషించారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని చెడింది ఇక్కడే.

మొదటిరోజు ఎయిర్‌బ్రష్ అయిదు నిమిషాలలో మూసుకుపోయింది. కుంచె కోసం చేసిన రంగులో పొడి ముతకగా ఉంటుంది. అరమిల్లీమీటరు రంధ్రంలో అది నడవదు. నీళ్లు పోసి పలుచన చేశారు. అప్పుడు రంగు ఓడ పక్కల మీద నిలవకుండా సాలీడు కాళ్లలా పాకింది. ఎలాగో ఒక పూత ముగించారు. రెండోరోజు, నీటిమట్టం కింది ఎరుపుకూ పైనున్న బూడిదరంగుకూ మధ్య గీత తిన్నగా రావాలని టేపు అంటించారు. సాయంత్రం ఆ టేపు ఊడదీస్తే, దానితోపాటు రంగు అరటిపండు తొక్కలా వచ్చింది. కింద తెల్లని ప్లాస్టిక్ మిగిలింది. జూబిలీకి మూడు వారాలే గడువు.

ఆ వైఫల్యానికి కారణం వెదకడానికి ఈ పేట పేరే చాలు. ఇది వాషర్‌మెన్‌పేట్, తమిళంలో వణ్ణారప్పేట్టై, తెలుగులో చెప్పాలంటే చాకలివారి పేట. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు వ్యాపారానికి ప్రాణం బట్ట. మగ్గం మీది నుంచి దిగిన గుడ్డకు గంజి, నూనె, మురికి అంటి ఉంటాయి. దానిని ఉతికి, ఎండబెట్టి, తెల్లబరచిన తరువాతనే అద్దకానికి పనికివచ్చేది. కంపెనీ బట్టలు ఉతికి చలువచేసే వృత్తివారు స్థిరపడడం వల్లనే ఈ చోటికి ఆ పేరు వచ్చింది. నేసేవారికి, అద్దేవారికి దక్కిన కీర్తి ఉతికినవారికి దక్కలేదు. అయినా ఉతకని గుడ్డకు రంగు పట్టదన్న సత్యం మారలేదు.

ప్లాస్టిక్ కూడా ఉతకని గుడ్డ వంటిదే. అచ్చులోనుంచి తేలికగా ఊడిరావడానికి వాడే జిడ్డు భాగాల మీద మిగిలి ఉంటుంది. పైగా భాగాలు అతికించినవారి వేళ్ల చెమట. ఎనామెల్, లాకర్ రంగులలోని ద్రావకం ఆ ప్లాస్టిక్‌ను కొద్దిగా కొరికి పట్టు సంపాదిస్తుంది. నీటి ఆధారమైన ఆక్రిలిక్‌కు ఆ పళ్లు లేవు. అది పైన పరచుకొని ఉంటుందే తప్ప లోపలికి దిగదు. అందువల్ల ఆక్రిలిక్ వాడేవారు రెండు పనులు తప్పక చేయాలి: గోరువెచ్చని సబ్బునీటితో భాగాలను కడిగి నీడన ఆరబెట్టడం ఒకటి, ప్రైమర్ అనే పట్టుపూత వేయడం రెండు. పిల్లలు ఈ రెండింటినీ వదిలిపెట్టారు. రంగు కనబడుతుంది; కడగడం కనబడదు. అందుకే అది మొదట మరపున పడేది.

ప్రైమర్ అన్న మాట కొత్తదే కాని పని కొత్తది కాదు. కొండపల్లి బొమ్మల కళాకారులు తేలికైన పొణికి కర్రతో విడివిడిగా చెక్కిన భాగాలను, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరిన తరువాత సున్నపు పూత వేస్తారు. ఆ తెల్లని పూత మీదనే చీర ఎరుపయినా, ఏనుగు అంబారీ పసుపయినా వెలుగుతుంది. బొమ్మ కొని ఇంటికి తెచ్చుకొనేవారు ఆ సున్నపు పూతను ఎన్నడూ చూడరు. దానిని చూడకపోవడమే అది సరిగ్గా ఉందనడానికి గుర్తు.

రెండోసారి పిల్లలు ఓడను కడిగారు. పాత రంగును పూర్తిగా తొలగించి, నీటితో కలిసే ప్రైమర్‌ను పలుచగా వేసి, ఒక రోజంతా ఆగారు. రంగును పలుచని నైలాన్ గుడ్డలో వడగట్టారు. ఉత్త నీటికి బదులు ఆక్రిలిక్ కోసం చేసిన థిన్నర్‌ను చుక్కచుక్కగా కలిపి పాలంత పలుచన చేశారు. గిన్నె గోడకు రంగు పూసి చూస్తే అది పాలతెరలా జారాలి; నీళ్లలా పరుగెత్తితే ఎక్కువ పలుచన, పెరుగులా నిలిచిపోతే ఎక్కువ చిక్కన. చదరపు అంగుళానికి 15 నుంచి 20 పౌన్ల పీడనం, మొనకూ ఓడకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం. చేయి కదలడం మొదలయిన తరువాతనే రంగు విడవాలి. రంగు ఆపిన తరువాతనే చేయి ఆగాలి. తొలిపూత అద్దం మీద ఊపిరి వదిలినట్టు ఉండాలి, కింది ప్రైమర్ ఇంకా కనిపిస్తూనే ఉండాలి. ఒకే మందపు పూతకు బదులు అటువంటి నాలుగు పూతలు, ప్రతిదాని మధ్య ఆరడానికి వ్యవధి. ఇదంతా ముందు వాడిపారేసిన ప్లాస్టిక్ చెంచాల మీద సాధన చేశారు. ప్రదర్శనలో ఓడ పక్కన వరుసగా పేర్చిన ఆ ముప్పై చెంచాలను తప్పక చూడండి. మొదటి చెంచాకూ చివరి చెంచాకూ మధ్య ఉన్న దూరమే విద్య.

చెన్నై వాతావరణం కూడా తన వంతు పరీక్ష పెట్టింది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ఆ గాలిని అదిమినప్పుడు తేమ నీటిబొట్లుగా మారి గొట్టంలో చేరుతుంది; ఉన్నట్టుండి రంగుతోపాటు ఓడ మీద ఉమ్మినట్టు పడుతుంది. గొట్టం మధ్య నీటిని పట్టి ఉంచే చిన్న గాజుగిన్నె అమర్చడం దీనికి విరుగుడు. మధ్యాహ్నపు వేడిలో మరో చిక్కు: రంగు సూదిమొన మీదే ఎండి గడ్డకడుతుంది. తడిపిన దూదిపుల్లతో మొనను మాటిమాటికీ తుడవాలి. ఉదయం వేళ పని చేసుకోవడం ఇంకా మేలు. పని ముగిసిన వెంటనే పరికరాన్ని విప్పి కడగాలి. ఆరిన ఆక్రిలిక్ నీటికి లొంగదని ఇంతకుముందే చెప్పుకొన్నాం.

ఇంతవరకు చెప్పింది ఓడ ఎలా చెడిందో, ఎలా బాగుపడిందో. ఇక మనిషి సంగతి.

మొదటి ప్రయత్నం జరిగిన రెండు రోజులూ పిల్లలు ప్రయోగశాల వెనుక గదిలో కిటికీలు మూసి పనిచేశారు. వీధి దుమ్ము తడిరంగు మీద పడుతుందని భయం. పంకా తిరిగితే తుంపర చెదిరిపోతుందని చింత. రంగుకు వాసన లేదు గనుక కిటికీ తెరవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పర్యవేక్షించిన పెద్దలకూ రాలేదు. ఆ మాట దాచవలసిన పని లేదు. రెండో సాయంత్రం ఉబ్బసం ఉన్న అమ్మాయికి దగ్గు మొదలయింది. ఇంటికి వెళ్లాక ఆయాసం వచ్చింది. ఎవరి క్షేమం కోరి వాసన లేని రంగు తెచ్చారో, ఆమెకే ఇబ్బంది కలిగింది. మరునాడు జట్టులోని ఒక బాలుడు ముక్కు చీదుకొంటే తెల్లని చేతిరుమాలు మీద ఓడరంగు కనబడింది. అప్పుడు అందరూ గదిని పరికించి చూశారు. కిటికీ గట్టు మీద, బల్ల మీది పుస్తకాల అట్టల మీద, దీపపు గుడ్డు మీద సన్నని బూడిదరంగు పొడి. ఓడకు చేరిన రంగు కొంత. గదికి చేరినది కొంత. పిల్లల ఊపిరితిత్తులకు చేరినది ఎంతో చెప్పగలవారు లేరు.

ఎండెన్ చరిత్రలోనే దీనికి సరిపోలిన ఘట్టం ఉంది. ఆ ఓడకు నిజానికి మూడే పొగగొట్టాలు. బ్రిటిష్ నౌక యార్‌మత్‌లా కనబడడానికి నావికులు నాలుగోదానిని కృత్రిమంగా అమర్చేవారు. 1914 అక్టోబరు 28 తెల్లవారుజామున ఆ వేషంతోనే పెనాంగ్ రేవులోకి ప్రవేశించి, లంగరు వేసి ఉన్న రష్యా యుద్ధనౌక జెమ్‌చుగ్‌ను ముంచివేసింది. పైకి కనిపించే ఒక్క గుర్తును చూసి తమవారేనని భావించడం ఎంత ప్రమాదమో ఆ ఉదయం పెనాంగ్ తెలుసుకొంది. వాసన లేకపోవడం కూడా ఆ నాలుగో పొగగొట్టం వంటిదే. ముక్కు కాపలావాడే గాని, అన్ని శత్రువులనూ గుర్తుపట్టగల కాపలావాడు కాదు.

ఇందులోని శాస్త్రం సులభమే. వాసన అనేది ద్రావకం ఆవిరైనప్పుడు ముక్కుకు అందే సమాచారం. ఆక్రిలిక్‌లో ద్రావకం ప్రధానంగా నీరు కనుక ఆ సమాచారం తక్కువ. కాని ఎయిర్‌బ్రష్ ద్రావకాన్ని మాత్రమే కాదు, రంగుపొడిని, ప్లాస్టిక్ కణాలను కూడా గాలిలో నిలబెడుతుంది. సీసా మీద ‘హానికరం కాదు’ అని ముద్రించి ఉంటే, అది మామూలుగా కుంచెతో వాడినప్పటి మాట అని గ్రహించాలి. తుంపరగా చేసి పీల్చడం వేరు. కాడ్మియం వంటి లోహాలున్న రంగులను అసలు చిమ్మకూడదని తయారీదారులే హెచ్చరిస్తారు. తుంపర కణాలను ఆపడానికి ముఖానికి బిగువుగా అమరే ఎన్-95 మాస్కు పనికివస్తుంది. ఎనామెల్, లాకర్ థిన్నర్ల ఆవిరిని మాత్రం అది ఆపదు. దానికి బొగ్గు నింపిన వేరే రకం మాస్కు కావాలి. మాస్కు ఉన్నా గాలి ఆడాలి. ఓడ వెనుక అట్టపెట్టె, పెట్టె వెనుక కిటికీ వైపు గాలిని నెట్టే పంకా, పనిచేసే మనిషి వీపు వైపు తెరచిన తలుపు: రెండోసారి పిల్లలు చేసుకొన్న ఏర్పాటు ఇదే. ఖర్చు స్వల్పం. ఉబ్బసం ఉన్న అమ్మాయి చిమ్మే వేళ గదిలో ఉండలేదు. టేపు కత్తిరించడం, సన్నని కుంచెతో పడవలకు, లంగరుకు రంగులు దిద్దడం, తాళ్లు కట్టడం ఆమె బాధ్యతలయ్యాయి. ఓడను దగ్గరగా చూసినవారి కన్ను మొదట ఆగేది ఆ తాళ్ల దగ్గరే.

రంగులోని హాని కంటికి, ముక్కుకు తెలియకపోవడం ఇదే మొదటిసారి కాదు. సీసం కలిసిన రంగులు దశాబ్దాల తరబడి ఇళ్ల గోడలకు, తలుపులకు వాడారు. వాటి మెరుపు చూసినవారే గాని, పిల్లల మెదడు మీద సీసం చూపే ప్రభావాన్ని గమనించినవారు కొద్దిమంది. గృహాలంకరణ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందే ఒక తెలుగు పల్లె తనంత తాను దారి చూపింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలు పసిపిల్లలు నోట పెట్టుకొనేవి. రసాయనిక రంగుల వాడుక పెరిగినప్పుడు, శ్రీ సి.వి. రాజు గారు చెట్లవేళ్లు, బెరళ్లు, గింజల నుంచి తీసే ప్రకృతి రంగులను లక్కతో కలిపే పద్ధతులను కళాకారులతో కలిసి పునరుద్ధరించారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం లభించాయి. బొమ్మ అందం గురించి ఆలోచించేవారు ఎందరో ఉంటారు. దానిని పట్టుకొనే చేయి గురించి ఆలోచించేవారే నిజమైన కళాకారులు.

ఒక చిన్న మాట నీటి గురించి కూడా. ఎయిర్‌బ్రష్ కడిగిన నీరు చూడడానికి రంగునీరే. నిజానికి అది ప్లాస్టిక్ నీరు. ఈ పేట మురుగు ఏ కాలువల గుండా పోతుందో, ఆ కాలువల స్థితి ఏమిటో ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు. పిల్లలు ఆ నీటిని పాత బకెట్‌లో నిలువ ఉంచి, తేటపడిన తరువాత అడుగున మిగిలిన ముద్దను ఎండబెట్టి, కాగితంలో చుట్టి చెత్తలో వేశారు. ఉతికి శుభ్రపరచడం వల్ల పేరు వచ్చిన పేటలో ఆ మాత్రం జాగ్రత్త ధర్మం.

తల్లిదండ్రులలో కొందరికి ఒక సందేహం కలగడం న్యాయమే: పరీక్షలు దగ్గరపడుతున్న వేళ ఓడబొమ్మకు రంగులేమిటి? దీనికి సమాధానం గోడకు తగిలించి ఉన్న తెలుగు సూచనల పట్టిక. భాగాల పెట్టెలో వచ్చిన సూచనలు పరాయి భాషలవి. పిల్లలు తమ తప్పులన్నిటినీ వరుసగా రాసి, ఒక్కొక్క తప్పుకు ఎదురుగా కారణం, దిద్దుబాటు రాశారు. ‘కడుగు – ఆరబెట్టు – పట్టుపూత వేయి – ఆగు – వడగట్టు – చెంచా మీద చూడు – కిటికీ తెరువు – మాస్కు కట్టు’ అని మొదలయ్యే ఆ పట్టికలో లెక్కలున్నాయి, భౌతికశాస్త్రం ఉంది, రసాయనశాస్త్రం ఉంది, చరిత్ర ఉంది. అన్నీ తెలుగులో ఉన్నాయి. కడపటి వరుసలో, ఉబ్బసం ఉన్న ఆ అమ్మాయి గుండ్రని దస్తూరీతో, ‘వాసన లేదని ఊరుకోవద్దు’ అని ఉంది. వచ్చే ఏడు ఆరో తరగతి పిల్లలు చదువుకొని ఆచరించడానికి రాసిన వాక్యమది. మాతృభాషలో చదివినవారికి శాస్త్రం అందదని శంకించేవారు ఆ పట్టిక ముందు ఒక్క నిమిషం నిలబడితే చాలు.

డెబ్బయి అయిదేళ్లు నడిచిన పాఠశాలకు కూడా పైకి కనిపించే రంగులు కొన్ని ఉంటాయి: ఉత్తీర్ణుల సంఖ్యలు, బహుమతులు, పెద్ద పదవులు పొందిన పూర్వ విద్యార్థుల పేర్లు. అవి వెలగడం ఆనందకరమే. వాటి కింద ఎవరికీ కనబడని పూతలున్నాయి. ఒకటో తరగతి పిల్లవాడి చేయి పట్టి ‘అ’ దిద్దించిన ఉపాధ్యాయులు, ఉదయాన్నే గదులు ఊడ్చి కిటికీలు తెరచిన ఆయాలు, జీతం రాళ్లకు గంజి తాగి ఫీజు కట్టిన తల్లిదండ్రులు. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. రంగు నిలిచిందంటే వారివల్లనే.

సభ ముగిసిన తరువాత అందరూ ఆ గాజుపెట్టె వద్దకు వెళ్లండి. ఓడను చూసినంతసేపూ పక్కనున్న చెంచాలను కూడా చూడండి. పిల్లలను అడగదలిస్తే ‘ఎంత బాగా వేశారు’ అనడంతో ఆగక, ‘ముందు ఎలా కడిగారు, కిటికీ ఎటు తెరిచారు’ అని అడగండి. వారు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ చెప్పేవారిలో మొదట ముందుకు వచ్చేది ఆ అమ్మాయే.

స్వస్తి.